కాలం కుదుటపడ్డాక చూద్దామంటే

తమిళనాడులోని ధర్మపురిలో నలుగురు కూడినచోట డబ్బు ప్రస్తావన వస్తే ఇప్పుడు ఒకటే తీర్పు. కాలం బాగోలేదు. అమెరికా సుంకాలు ఎప్పుడు పెంచుతుందో ఎప్పుడు దించుతుందో తెలీదు, సరిహద్దులో ఎప్పుడేం పేలుతుందో తెలీదు, ఎన్నికలయ్యాక ఏ సర్కారు ఏం చేస్తుందో అంతకన్నా తెలీదు. కాబట్టి చేతిలో ఉన్నదాన్ని నగ చేయించు, కుదిరితే రోడ్డువార నాలుగు సెంట్ల జాగా కొను, మిగతా సంగతి కాలం కుదుటపడ్డాక చూద్దాం. పట్టుగూళ్ళ మార్కెట్టు బయట టీ కొట్టు దగ్గర రైతులు అనేదీ, పెళ్ళిపందిట్లో పెద్దలు అనేదీ ఇదే. హోసూరు ఫ్యాక్టరీలో చేరిన కుర్రాడు పండక్కి ఇంటికొస్తే సంభాషణ ఇలా నడుస్తుంది.

"ఎందుకురా అబ్బాయ్ మనకా షేర్లూ గీర్లూ! ఒక సవర బంగారం కొని పెట్టుకో, ఎక్కడికీ పోదు."

"అది కాదు పెదనాన్నా, పదేళ్ళ దాకా నాకు ఆ డబ్బుతో పనిలేదు కదా."

"పదేళ్ళ సంగతి ఎవడు చూశాడు? ముందీ గొడవలు సద్దుమణగనీ."

ఈ పెదనాన్న చెడ్డవాడూ కాదు, తెలివితక్కువవాడూ కాదు. కానీ ఆయన చెప్పే మూడు మాటలు, బంగారం ఎక్కడికీ పోదు, నేల మోసం చెయ్యదు, గొడవలు తగ్గేదాకా ఆగు అన్నవి, జాగ్రత్త పేరుతో మన ఇళ్ళలో చాలా నష్టం చేస్తున్నాయని నా వాదన.

చివరి మాటతో మొదలుపెడతాను. మూడింట్లో ఖరీదైన పొరపాటు అదే.

గొడవల్లేని కాలం మన దేశానికి ఎప్పుడొచ్చింది? 1962లో చైనాతో యుద్ధం, 1965లో పాకిస్తాన్‌తో, 1966లో రూపాయి విలువ తగ్గింపు, 1975లో ఎమర్జెన్సీ. 1991లో దాదాపు 47 టన్నుల బంగారాన్ని రిజర్వు బ్యాంకు విదేశాల్లో కుదువపెడితేగానీ దిగుమతులకు డాలర్లు పుట్టలేదు. 2008 ఆర్థిక సంక్షోభం, 2016 నోట్ల రద్దు, 2020 కరోనా మన కళ్ళముందే జరిగాయి. ఏ పదేళ్ళు తీసుకున్నా "ఇప్పుడొద్దు" అనడానికి గట్టి కారణం ఒకటి దొరుకుతుంది. కుదుటపడ్డ కాలం కోసం ఆగినవాడు ఈ అరవై ఏళ్ళూ ఆగే ఉండాలి.

పైగా గొడవ తగ్గిందన్న సంగతి మనకు తెలిసేలోపే ధరకు తెలిసిపోతుంది. 2024 జూన్ 4న లోక్‌సభ ఓట్ల లెక్కింపు. ముందురోజు 76,468 దగ్గర ముగిసిన సెన్సెక్స్ ఆ సాయంత్రానికి 72,079కి పడింది. ఒక్క రోజులో 4,389 పాయింట్లు. ప్రభుత్వం ఏర్పడుతుందో లేదో తేలాక చూద్దామని ఆ మధ్యాహ్నం అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. జూన్ 7న సూచీ 76,693 దగ్గర ముగిసింది. మరుసటి ఏడు మే నెలలో పాకిస్తాన్‌తో కాల్పులు జరిగాయి. శనివారం విరమణ ప్రకటించారు, సోమవారం, అంటే మే 12న, సెన్సెక్స్ ఒక్కసారిగా 2,975 పాయింట్లు ఎగబాకింది. ఆదివారం పేపర్లో శాంతి వార్త చదివి సోమవారం కొందామనుకున్నవాడికి శాంతి ధరే దొరికింది, భయం ధర దొరకలేదు.

నాకు అనుకూలమైన తేదీలే ఏరుకొచ్చానని ఎవరైనా అనొచ్చు. సరే, ప్రతికూలమైనవీ చెబుతాను. 2004 మే 17న కేంద్రంలో సర్కారు మారుతోందన్న బెదురుకు సెన్సెక్స్ ఒక్క రోజులో 564 పాయింట్లు, నూటికి పదకొండు, పడి 4,505కి వచ్చింది. అప్పుడు కొన్నవాడు 2008 జనవరిలో 21,000 చూశాడు. కానీ ఆ 21,000 దగ్గర కొన్నవాడు 2009 మార్చిలో 8,160 చూశాడు. జపాన్ కథ ఇంకా ఘోరం. 1989 చివర్లో 38,915 దగ్గర ఉన్న నిక్కీ సూచీ మళ్ళీ ఆ మెట్టు దాటింది 2024 ఫిబ్రవరిలో. ముప్పైనాలుగేళ్ళు! షేర్లు ఎప్పటికైనా లేస్తాయని గుండెమీద చెయ్యేసుకుని చెప్పే ఏజెంట్లకు ఈ ఒక్క సంగతి వినిపించాలి. అయితే పెదనాన్న వైద్యం ఈ రోగానికీ పనిచెయ్యదు. 1992లో నిక్కీ సగానికి పైగా పడి, ఇక దుమ్ము అణిగిందనిపించినప్పుడు దిగినవాడు కూడా 2003లో 7,600 చూసి ఏడ్చాడు. ఉన్నదంతా ఒకే రోజున ఒకేచోట పెట్టడంలో ఉంది ఆ ప్రమాదం. మంచి రోజు కోసం ఆగడం కూడా ఉన్నదంతా ఒకే రోజున పెట్టడానికే దారితీస్తుంది.

ఇక బంగారం.

దీనిమీద వాదించి గెలవడం ఈమధ్య కష్టమైపోయింది. 2015లో పది గ్రాములు పాతికవేల దగ్గర దొరికిన బంగారం 2025లో లక్ష దాటింది. "చూశావా!" అంటారు పెదనాన్న. చూశాను. అలాగే, ఆ పాతికవేలకు ముందు ఏం జరిగిందో కూడా చూడమంటాను. 2013 ఆగస్టులో రూపాయి కుప్పకూలుతున్నప్పుడు, కాలం మహా చెడ్డగా ఉన్నప్పుడు, పది గ్రాములు 33 వేలు దాటింది. భయంతో అప్పుడు కొన్నవాడు రెండేళ్ళలో నాలుగోవంతు పోగొట్టుకుని, పెట్టిన ధర మళ్ళీ కళ్ళజూడటానికి 2019 దాకా ఆగాడు. ప్రపంచ ధర తీసుకుంటే ఇంకా పెద్ద కథ. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లు, 1999లో దాదాపు 250, మళ్ళీ 850 తాకింది 2008లో. ఇరవై ఎనిమిదేళ్ళు. నిక్కీని చూసి నవ్వేవాళ్ళు దీన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. భయం బాగా ముదిరిన రోజున కొన్న బంగారం, ఆశ బాగా ముదిరిన రోజున కొన్న షేరు, రెండూ ఒకే రకంగా కాలుస్తాయి.

రాజకీయ అనిశ్చితికి బంగారం కంచుకోట అన్న మాటకు జవాబు మన దేశ చరిత్రలోనే ఉంది. చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి బంగారు నియంత్రణ ఉత్తర్వు తెచ్చాడు. పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చెయ్యకూడదన్నారు, కంసాలుల బతుకులు వీధినపడ్డాయి. 1968లో అది పూర్తిస్థాయి చట్టమైంది, 1990 దాకా బతికే ఉంది. కాలం చెడ్డప్పుడు సర్కారు కన్ను మొదట పడేది అందరూ దాచుకునే వస్తువు మీదే. నోట్ల కట్టల సంగతి సరేసరి. 2016 నవంబరు 8 రాత్రి ఏమైందో ఎవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు.

ఇంతకీ మనం కొనేది బంగారమా, నగా? కొట్టువాడు తరుగు, కూలి కలిపి నూటికి పదో పదిహేనో తీసుకుంటాడు, పైన మూడు శాతం జీఎస్టీ. మార్చుకోవడానికి వెళ్తే వాటిలో ఒక్కటీ తిరిగి రాదు. కొన్న రోజే పెట్టిన డబ్బులో నూటికి పన్నెండో పదిహేనో పోయే వస్తువును పెట్టుబడి అని పిలవడం ఒక్క నగ విషయంలోనే చెల్లుతుంది. కేంద్రం 2015 నవంబరులో బంగారు బాండ్లు తెచ్చింది. మొదటి విడత గ్రాము 2,684 రూపాయలకు ఇచ్చి, ఎనిమిదేళ్ళ తర్వాత 6,132 చొప్పున చెల్లించింది. మధ్యలో ఏటా వడ్డీ కూడా. తరుగు లేదు, దొంగభయం లేదు. బంగారం మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళలో ఆ కాగితం కొన్నవాళ్ళు నాకు ఒక్క చేతివేళ్ళకు మించి కనబడలేదు. 2024 ఫిబ్రవరి తర్వాత ప్రభుత్వం కొత్త విడతలు ఇవ్వలేదు, ఆ అవకాశం పోయింది. బంగారు ఈటీఎఫ్‌లు ఇప్పటికీ ఉన్నాయి.

నగకు ఒక గొప్ప గుణం ఉందని ఒప్పుకోవాలి. ఆసుపత్రి ఖర్చు వస్తే సహకార సంఘంలో పెట్టి గంటలో డబ్బు తెచ్చుకోవచ్చు. ఇంటి ఆడవాళ్ళకు తమదంటూ ఉన్న ఆస్తి చాలాచోట్ల అదొక్కటే. ఆ మేరకు నగ ఉండాల్సిందే, దాన్ని తీసెయ్యమనే హక్కు ఏ సలహాదారుకూ లేదు. కానీ ఆపదకు పనికొచ్చేది ఆపదకు సరిపడా ఉంటే చాలు. ఇరవై ఏళ్ళ తర్వాతి బతుకు మొత్తాన్ని దానిమీద ఆనించడం వేరే సంగతి. (2021లో తమిళనాడు ప్రభుత్వం సహకార సంఘాల్లో ఐదు సవర్ల లోపు నగల అప్పులు మాఫీ చేసింది కదా, మళ్ళీ చేస్తుందిలే అని కుదువపెట్టేవాళ్ళు కొందరున్నారు. దానికి పెట్టుబడి శాస్త్రంలో పేరు లేదు.)

నేల సంగతికొస్తే, ధర్మపురివాడికి నేల మోసం చెయ్యదన్న మాట నాకు మరీ విచిత్రంగా వినిపిస్తుంది. ఈ జిల్లాలో రైతు బతుకు మల్బరీ ఆకు మీదో, పాలక్కోడు టమాటా మీదో, మామిడి మీదో నడుస్తుంది. టమాటా ఒక నెల కిలో వంద దాటుతుంది, మరో నెల కోత కూలి రాక చేలోనే వదిలేస్తారు. 2025 వేసవిలో తోతాపురి మామిడికి కృష్ణగిరి నుంచి చిత్తూరు దాకా ధరలేదు, ఆంధ్ర ప్రభుత్వం కిలోకు నాలుగు రూపాయలు కలిపితేగానీ చిత్తూరు రైతు గట్టెక్కలేదు. అంటే ఈ ఇంటి ఆదాయం అప్పటికే వాన మీదా, నేల మీదా ఆధారపడి ఉంది. మిగిలిన పైకంతో అతను కొనేది ఏమిటి? అదే తాలూకాలో ఇంకో ముక్క నేల. వాన తప్పిన ఏడు పంట పోతుంది, అదే ఏడు ఊళ్ళో కొనేవాడు లేక నేల ధర పడుతుంది, అదే ఏడు అతనికి డబ్బు కావాలి. మూడూ ఒకేసారి. ఇంతకన్నా పెద్ద సాహసం ముంబయి బ్రోకరు కూడా చెయ్యడు.

బలవంతపు అమ్మకం అంటే ఏమిటో చూడాలంటే ధర్మపురి పట్టుగూళ్ళ మార్కెట్టుకు పొద్దున్నే వెళ్ళాలి. రైతు గూళ్ళు తెచ్చి తొట్టెల్లో పరుస్తాడు. తెల్లని గూళ్ళు, పసుపు గూళ్ళు. నూలు తీసే వ్యాపారి వచ్చి గుప్పెడు తీసి చెవిదగ్గర ఆడిస్తాడు, ఒకదాన్ని కోసి లోపల పురుగు చూస్తాడు, పెదవి విరుస్తాడు, వేలం పాడతాడు. ఆ ధర రైతుకు నచ్చకపోవచ్చు. కానీ గూటిలోపల పురుగు బతికే ఉంది. కొద్దిరోజుల్లో అది రెక్కల పురుగై గూడు చిల్లుపొడుచుకుని బయటికొస్తే ఆ గూటినుంచి పోగు రాదు. అందుకని, ఈవేళ ధర బాగోలేదు, వచ్చే నెల అమ్ముకుంటాను అనే వీలు అతనికి లేదు. 2020 లాక్‌డౌన్‌లో కొనేవాళ్ళు రాక ధర కూలినప్పుడు కూడా గూళ్ళు ఆగలేదు. ధర పడటంలో నష్టం సగమే, పడ్డ రోజునే అమ్మాల్సి రావడంలో మిగతా సగం. ఈ సంగతి ధర్మపురి రైతుకు తెలిసినంతగా ఏ ఆర్థికశాస్త్ర పుస్తకానికీ తెలియదు. అలాంటిది, తన పొదుపు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ అనుభవాన్ని మార్కెట్టు గుమ్మం దగ్గరే వదిలేసి వస్తాడు.

రోడ్డువార ప్లాటు కథ ఇంకొంచెం ముదురు. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వస్తోందట, రైలు మార్గం వస్తోందట అన్న మాట వినిపిస్తే చాలు, సేలం దారిలో రాళ్ళు పాతుకుంటాయి. 2016 సెప్టెంబరు 9న మద్రాసు హైకోర్టు అనుమతిలేని లేఅవుట్లలో ప్లాట్లు రిజిస్టరు చెయ్యొద్దని ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క కాగితంతో రాష్ట్రమంతటా లక్షల కుటుంబాల 'ఎక్కడికీ పోని' ఆస్తి అమ్మడానికి వీల్లేనిదైపోయింది. 2017లో క్రమబద్ధీకరణ పథకం వచ్చేదాకా, వచ్చాక రుసుములు కట్టుకునేదాకా, కూతురి పెళ్ళికని కొన్న ప్లాటు కూతురి పెళ్ళికి పనికిరాలేదు. నేల ఎక్కడికీ పోలేదు, నిజమే. డబ్బు కూడా అందులోంచి ఎక్కడికీ రాలేదు. లేఅవుట్‌కు డీటీసీపీ అనుమతి, పట్టా, విల్లంగ (ఎన్‌కంబరెన్స్) సర్టిఫికెట్ అన్నీ సరిగా ఉన్నా స్టాంపు, రిజిస్ట్రేషన్ కలిపి నూటికి తొమ్మిది కట్టాలి. ఆ తొమ్మిది శాతాన్ని భూమి లాభాల లెక్క చెప్పేవాళ్ళు ఎప్పుడూ కలపరు.

అన్నిటికన్నా బాధాకరం ఏమిటంటే, నగనూ నేలనూ గుడ్డిగా నమ్మిన ఇళ్ళకే మోసగాళ్ళు నగ పేరుతో, నేల పేరుతో వచ్చారు. విజయవాడ అగ్రిగోల్డ్ ప్లాట్లిస్తామని చెప్పి ఎనిమిది రాష్ట్రాల్లో దాదాపు 32 లక్షలమంది దగ్గర ఆరువేల కోట్లకు పైగా వసూలు చేసింది. బాధితుల్లో తమిళనాడు వాళ్ళూ ఉన్నారు. చెన్నైలో ఆరుద్ర గోల్డ్ ట్రేడింగ్ సంస్థ నెలకు నూటికి పాతిక, ముప్పై ఇస్తామని లక్షమందికి పైగా జనం దగ్గర 2,438 కోట్లు లాగిందని పోలీసులు 2022లో తేల్చారు. నెలకు! పెరుందురైలో సుశి ఈమూ ఫార్మ్స్ లక్షన్నర కడితే ఆరు పక్షిపిల్లలు, వాటిని పెంచినందుకు నెలకు ఆరువేలు అంది. ఏడాదికి డెబ్బై రెండువేలు, అంటే నూటికి నలభై ఎనిమిది. 2012లో యజమాని మాయమయ్యేసరికి, మేత పెట్టే దిక్కులేని ఈమూలు సేలం, ఈరోడు పల్లెల్లో కంచెలు దాటి తిరిగాయి. షేరు మార్కెట్టు జూదం అని దూరం పెట్టినవాళ్ళే, కంటికి కనిపించే వస్తువు ఉంది కదా అని, ఆ కంచెల్లో డబ్బు పోశారు. తమిళనాడులో డిపాజిటర్ల రక్షణ చట్టం 1997 నుంచే ఉంది, కేంద్రం 2019లో ఇంకో చట్టం చేసింది. కానీ చట్టం రంగంలోకి దిగేది డబ్బు పోయాకే.

షేర్లు జూదమన్న మాటలో నిజం లేకపోలేదు. ఫోన్లో ఆప్షన్లు ఆడే కుర్రాళ్ళ విషయంలో అది అక్షరాలా నిజం. 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళు ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది నష్టపోయారని, మొత్తం 1.8 లక్షల కోట్లు పోయాయని సెబీయే 2024 సెప్టెంబరులో లెక్క చెప్పింది. ఈ ఆటకు వెళ్ళేవాణ్ణి పెదనాన్న చెవి మెలిపెట్టి ఆపితే నేనూ ఆయన పక్కనే నిలబడతాను. కానీ దేశంలో యాభై పెద్ద కంపెనీల్లో తలా కాస్త వాటా ఉండే ఇండెక్స్ ఫండులో నెలకు రెండువేలు వేసి పదిహేనేళ్ళు ముట్టకుండా ఉండటం ఆ ఆట కాదు. పాల వ్యాపారం చేసేవాణ్ణీ, పాలమీద పందెం కాసేవాణ్ణీ ఒకే గాట కట్టడం అన్యాయం.

ఆ కుర్రాడికి అందులో ఇంకో లాభం ఉంది. అతని జీతం హోసూరు నుంచి వస్తుంది, ఇంటి పంట పాలక్కోడు వాన నుంచి వస్తుంది, ఆ ఫండు ఈ రెండింటితోనూ సంబంధంలేని వందరకాల వ్యాపారాల మీద నడుస్తుంది. మూడూ ఒకే రోజున కూలిపోయే అవకాశం తక్కువ. కాలం బాగోనప్పుడు కావాల్సింది ఇదే. ఏది లేస్తుందో చెప్పగలిగేవాడు ధర్మపురిలోనూ లేడు, వాల్ స్ట్రీట్‌లోనూ లేడు.

అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస మాత్రం తప్పకూడదు. వరస తప్పినచోటే ఇళ్ళు మునుగుతున్నాయి. బీరువాలో పది సవర్లు పెట్టుకుని, బయట నూటికి మూడు వడ్డీకి తెచ్చిన లక్ష అప్పు మోస్తున్న ఇళ్ళు ఈ ఊళ్ళో ఎన్నో. లక్షకు నెలకు మూడువేలు, ఏడాదికి ముప్పై ఆరువేలు. ఏ బంగారమూ, ఏ షేరూ ఏటేటా నూటికి ముప్పై ఆరు పెరగదు. రెండు సవర్లు అమ్మి ఆ అప్పు తీర్చడం కన్నా మంచి పెట్టుబడి నాకు తెలిసి ఏదీ లేదు. "నగ అమ్ముకున్నారట" అని ఊళ్ళో అంటారని ఆ పని చెయ్యరు. ఆ మాట ఖరీదు ఏడాదికి ముప్పై ఆరువేలు. ఆ తర్వాత బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఆర్నెల్ల ఇంటిఖర్చు. బ్యాంకు మునిగితే ఒక్కొక్కరికి ఐదు లక్షల దాకా బీమా ఉంది, 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. ఆ తర్వాత సంపాదించేవాడి మీద టర్మ్ పాలసీ, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా. ఇవన్నీ ఉన్నవాడికి, మార్కెట్టు కూలిన రోజున అమ్ముకోవాల్సిన అవసరం రాదు. అప్పుడే, ఆ పైన మిగిలినదే, నెలనెలా ఫండుకు వెళ్ళాలి. పదేళ్ళలోపు అక్కరపడే డబ్బు, అంటే పిల్ల కాలేజీ ఫీజు, ఇంటి స్లాబు, అందులోకి రాకూడదు.

ఇదంతా నెల జీతగాడికి చెల్లుతుంది, గూళ్ళ రైతు మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అతనికి ఆదాయం నెలనెలా రాదు, పంట పంటకూ వస్తుంది, ఒక పంటకు పురుగుకు రోగం తగిలితే ఏమీ రాదు. ఆర్నెల్ల ఖర్చు అతనికి చాలదు, ఏడాది ఖర్చు పక్కన ఉండాలి. గూళ్ళ డబ్బు ఖాతాలో పడ్డ రోజే, మేస్త్రీకి, మందుల కొట్టుకు ఇచ్చేటప్పుడే, అందులో కొంత వేరే ఖాతాకు మళ్ళించాలి. ఆ ఏడాది ఖర్చు నిండేదాకా అతను షేర్ల జోలికి పోనక్కర్లేదు, ఆ మాట నేనే చెబుతాను. కానీ అది నిండకముందే సేలం రోడ్డులో ప్లాటుకు అడ్వాన్సు ఇస్తానంటే మాత్రం ఆ డబ్బు ఎలా తిరిగొస్తుందో, ఎన్నాళ్ళకు వస్తుందో ముందు పెదనాన్నను అడిగి చూడమంటాను.